రుజువు కోసం ఒక దేశం

1986 ఫిబ్రవరి 28, శుక్రవారం రాత్రి. స్వీడన్ ప్రధాని ఓలోఫ్ పాల్మే, భార్య లిస్బెత్‌తో కలిసి స్టాక్‌హోమ్‌లోని గ్రాండ్ థియేటర్‌లో సినిమా చూశారు. కొడుకు మార్టెన్, అతని స్నేహితురాలు కూడా అక్కడికే వచ్చారు. అంగరక్షకులు లేరు, ఆ రోజుకి ఇక అక్కర్లేదని ఆయనే పంపించేశారు. ఆట వదిలాక కొడుకు ఒక దారిన వెళ్లాడు. భార్యాభర్తలిద్దరూ ఆ చలిలో స్వేవేగెన్ రహదారి వెంట నడుచుకుంటూ ఇంటిదారి పట్టారు. 11.21కి టనెల్‌గాటన్ అనే సందు మొగదల, ఒక రంగుల దుకాణం ముందు, వెనక నుంచి వచ్చిన మనిషి ప్రధాని వీపులో అతి దగ్గర నుంచి కాల్చాడు. రెండో తూటా లిస్బెత్ వీపును రాసుకుంటూ పోయింది. కాల్చినవాడు సందులోకి పరిగెత్తి, చివర ఉన్న మెట్లెక్కి మాయమయ్యాడు. అర్ధరాత్రి దాటిన కొద్ది నిమిషాలకు ఆస్పత్రిలో ప్రధాని మరణాన్ని ధ్రువీకరించారు. ఆయనకు అప్పుడు 59 ఏళ్లు. ఆ తర్వాత 34 ఏళ్ల పాటు దర్యాప్తు సాగింది. పోలీసులు దాదాపు 10,000 మందిని ప్రశ్నించారు. చంపింది నేనేనంటూ 134 మంది ముందుకొచ్చారు. ఫైళ్లు పేరిస్తే 250 మీటర్ల పొడవైన అరలు నిండాయి. చివరిదాకా నిలిచిన శిక్ష మాత్రం ఎవరికీ పడలేదు.

ఈ హత్య స్వీడన్‌ను ఇప్పటికీ వదల్లేదు. పుస్తకాలు, నవలలు, సినిమాలు, సీరియళ్లు వస్తూనే ఉన్నాయి. నేరశాస్త్ర నిపుణుడు లేఫ్ పెర్షన్ దీని చుట్టూ నవలల త్రయమే రాశారు. ‘డ్రాగన్ టాటూ’ నవలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న స్టీగ్ లార్సన్, జర్నలిస్టుగా ఈ కేసు వెంటపడి పెట్టెలకొద్దీ కాగితాలు వదిలి వెళ్లారు. ఉద్యోగాలు చేసుకుంటూ, రిటైరై, ఖాళీ దొరికినప్పుడల్లా ఆ సందును కొలిచి, సాక్షుల వాంగ్మూలాలను నిమిషాలవారీగా పక్కపక్కన పెట్టి చూసుకునే మామూలు మనుషులు అక్కడ ఒక తరగతిగానే తయారయ్యారు. దాన్ని ఒక జబ్బుగా పేర్కొనడం కూడా స్వీడన్‌లో మామూలే. ఎందుకింత పట్టు అని అడిగితే సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. చిక్కుముడి అంటే మనిషికి ఎప్పుడూ ఆకర్షణే అన్నది ఒకటి. అంత పెద్ద నాయకుణ్ని ఊరూ పేరూ లేని ఒకడు చంపాడంటే మనసు ఒప్పుకోదు, అందుకే జనం వెనక పెద్ద కుట్రను వెతుక్కుంటారన్నది మరొకటి. రెండింట్లోనూ కొంత నిజముంది. కానీ అసలు కారణం వేరే ఉంది. ఈ ఆసక్తి పుట్టింది రహస్యం మీద మోజుతో కాదు. అందరి ముందు పరీక్షకు నిలిచిన రుజువు ఆ దేశానికి ఎన్నడూ అందలేదు. అందాల్సింది అందనందుకే జనం అడుగుతున్నారు. రుజువు అందిన చోట ఇదే జనం ఇదే దేశంలో అడగడం మానేశారు కూడా.

ఆ సంగతి చెప్పేది మరో హత్య. 2003 సెప్టెంబర్ 10న స్వీడన్ విదేశాంగ మంత్రి అన్నా లింద్ స్టాక్‌హోమ్‌లోని ఎన్‌కే డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో బట్టలు చూస్తుండగా ఒకడు కత్తితో పొడిచాడు. మర్నాడు తెల్లవారుజామున ఆమె చనిపోయారు. ఆమెకూ పక్కన అంగరక్షకులు లేరు. యూరో కరెన్సీలో చేరాలా వద్దా అన్న ప్రజాభిప్రాయ సేకరణకు అప్పటికి నాలుగే రోజులుంది. చేరాలన్న పక్షానికి ఆమే ముందు నిలబడి ప్రచారం చేస్తున్నారు. కుట్ర కథలు పుట్టడానికి ఇంతకన్నా అనువైన సమయం లేదు. పైగా మొదట పట్టుకున్న మనిషి నిర్దోషి అని తేలింది. అతని ముఖం, జీవితం పత్రికల పాలయ్యాక గానీ అతన్ని వదల్లేదు. అయినా రెండు వారాల్లో అసలు నిందితుడు మిహైలో మిహైలోవిచ్ దొరికాడు. స్టోర్ కెమెరా దృశ్యాలున్నాయి, కత్తి మీద డీఎన్‌ఏ ఉంది, ఆ తర్వాత ఒప్పుకోలూ వచ్చింది. తలలో గొంతులు వినిపించాయన్నాడు. కింది కోర్టు యావజ్జీవం వేసింది, అప్పీలు కోర్టు దాన్ని మానసిక చికిత్సగా మార్చింది, 2004 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు మళ్లీ యావజ్జీవాన్నే ఖాయం చేసింది. పెద్ద నాయకురాలు, అనామకుడైన హంతకుడు, పెద్ద కారణమేదీ లేని చావు. రెండో జవాబు చెప్పేవాళ్ల లెక్క ప్రకారం ఇక్కడా మనసు ఒప్పుకోకూడదు. కానీ ఒప్పుకుంది. స్వీడన్ ఏడ్చింది, కోర్టు చెప్పింది విన్నది, దుఃఖాన్ని దిగమింగుకుంది. పాల్మే హత్య చుట్టూ అల్లుకున్నటువంటి పరిశోధకుల లోకం లింద్ హత్య చుట్టూ పుట్టలేదు. అమెరికాలో కెనెడీ హత్య ఇంకా మానని పుండుగా ఎందుకుందో కూడా ఈ పోలికే చెబుతుంది. హంతకుడని పట్టుకున్న ఓస్వాల్డ్‌ను రెండు రోజులకే పోలీసుల మధ్యే కాల్చి చంపారు; అతని మీద విచారణే జరగలేదు.

పాల్మే విషయంలో రుజువు ఎక్కడ పోయిందో వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు. పోయింది ఆ తొలి రాత్రే. ఘటనా స్థలం చుట్టూ పోలీసులు కట్టిన టేపు చాలా తక్కువ మేర ఆవరించింది. జనం దగ్గరదాకా వచ్చారు, పూలు పెట్టారు, నెత్తుటి మీదే నడిచారు. నగరం నుంచి బయటికి పోయే దారులు మూయలేదు. దేశమంతటికీ హెచ్చరిక వెళ్లేసరికి హత్య జరిగి రెండు గంటలు దాటింది. ఆ కాల్పుల్లో పేలిన తూటాలు రెండు; ఆ రెంటినీ కనిపెట్టింది దారిన పోయే మామూలు మనుషులే తప్ప పోలీసులు కాదు. దేశ ప్రధాని హత్యలో పేలిన తూటాలు కాలిబాట మీద పడి ఉంటే, తనిఖీ చేయాల్సినవాళ్ల కంటికి అవి కనబడలేదు. ఒక దేశ ప్రజలు తమ పోలీసుల మీద పెట్టుకున్న నమ్మకం ఏ రోజున కదిలిందో చెప్పమంటే ఆ వారాంతాన్నే చూపించాలి. .357 మాగ్నమ్ రకం తూటాలవి. అదే రకం రివాల్వర్లు వందలకొద్దీ తెప్పించి కాల్చి చూశారు. 2006లో ఒక సమాచారం మీద డాలర్నా ప్రాంతపు చెరువులో ఒక స్మిత్ అండ్ వెసన్‌ను వెలికి తీశారు గానీ, తుప్పు వల్ల ఏమీ తేల్చలేకపోయారు. హత్యాయుధం ఎన్నడూ దొరకలేదు. ఆ తర్వాత సొంతంగా ఆరా తీస్తూ పోయిన మనుషుల్ని పిచ్చివాళ్లనడం తేలిక. కానీ మొదటి భౌతిక సాక్ష్యాన్ని పోలీసు చేతికిచ్చింది బాటసారులేనన్న సంగతి పక్కన పెట్టి ఆ మాట అనలేం.

ఇక దర్యాప్తు నడిచిన తీరు. పగ్గాలు పట్టింది స్టాక్‌హోమ్ పోలీసు అధిపతి హాన్స్ హోల్మెర్. పాలనాధికారిగా సమర్థుడే, కానీ హత్య కేసులు తవ్వి అలవాటున్నవాడు కాదు. రోజూ పత్రికా సమావేశాలు, కెమెరాల వెలుగు. కొద్ది నెలలకే ఆయన దృష్టి కుర్దుల సంస్థ పీకేకే మీద కుదురుకుంది. ప్రాసిక్యూటర్లు ఆధారాలేవని అడుగుతున్నా ఆగలేదు. 1987 జనవరిలో పెద్ద దాడి చేసి కుర్దుల్ని పట్టుకొచ్చారు. వాళ్లను కొద్దిసేపటికే వదిలేయాల్సి వచ్చింది. స్వీడన్‌లో తలదాచుకున్న ఒక చిన్న సమాజం మీద మాత్రం అనుమానపు మచ్చ ఏళ్లకొద్దీ మిగిలింది. హోల్మెర్ తప్పుకున్నాక కూడా ఆ కథ ఆగలేదు. ఆయన మిత్రుడైన ఎబ్బె కార్ల్‌సన్ అనే పుస్తక ప్రచురణకర్త అదే దారిలో ప్రైవేటు దర్యాప్తు మొదలుపెట్టాడు. న్యాయశాఖ మంత్రి అన్నా-గ్రెటా లేయాన్ అతనికి సిఫారసు లేఖ ఇచ్చారు. దొంగచాటుగా మాటలు వినే పరికరాలు దేశంలోకి తెస్తుండగా కస్టమ్స్‌కు దొరికిపోవడంతో 1988లో గుట్టు రట్టయింది. మంత్రి రాజీనామా చేశారు. కుట్రల వేటను జనం కనిపెట్టలేదు. అది ముందు అధికార పీఠం మీది నుంచే మొదలైంది, ప్రభుత్వ ముద్రతోనే నడిచింది. అదే వేటను జనం కొనసాగిస్తే దానికి జబ్బు అని పేరు పెట్టడం నాకు న్యాయంగా తోచదు.

ఆ అనుమానాలన్నీ గాలిలోంచి ఊడిపడినవి కావు. పాల్మేకు శత్రువులు కొల్లలు. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా 1968లో ఉత్తర వియత్నాం రాయబారి పక్కన కాగడా పట్టుకుని నడిచిన మంత్రి ఆయన. 1972 క్రిస్మస్ వేళ హనోయ్ మీద బాంబులేయడాన్ని నాజీల దురాగతాల వరసలో నిలిపి మాట్లాడినందుకు అమెరికా దౌత్య సంబంధాలను స్తంభింపజేసింది. హత్యకు సరిగ్గా వారం ముందు స్టాక్‌హోమ్‌లో జరిగిన వర్ణవివక్ష వ్యతిరేక ప్రజా సభలో దక్షిణాఫ్రికా విముక్తి ఉద్యమ నాయకుడు ఆలివర్ టాంబో సమక్షంలో దక్షిణాఫ్రికా ప్రభుత్వాన్ని ఎండగట్టారు. పదేళ్ల తర్వాత ఆ ప్రభుత్వపు మాజీ హంతక దళాధిపతి యూజీన్ డికాక్, ఈ హత్య వెనక తమవాళ్లే ఉన్నారని కోర్టులో అన్నాడు. స్వీడన్ పోలీసులు అక్కడిదాకా వెళ్లారు; పట్టుకోదగ్గ ఆధారమేదీ తేలేదు. సొంతగడ్డ మీద కూడా ఆయనంటే పడనివాళ్లు, ద్వేషాన్ని దాచుకోనివాళ్లు పోలీసు శాఖలోనే ఉన్నారు. ఇన్ని దారులు తెరిచి ఉన్నప్పుడు ఒక్కోదాన్ని తవ్వి, ఇది కాదని నలుగురికీ చూపించి మూయడం దర్యాప్తు బాధ్యత. ప్రభుత్వం నియమించిన కమిషన్ 1999లో ఇచ్చిన వెయ్యి పేజీల నివేదికలో తప్పుపట్టింది కూడా ఈ పనితీరునే.

ఆ దారుల్లో ఒకటి మన దేశం దాకా వస్తుంది కాబట్టి దాని దగ్గర కాస్త ఆగాలి. అణు నిరాయుధీకరణ కోసం ఆరు దేశాల నాయకులు చేసిన ప్రయత్నంలో పాల్మే, రాజీవ్ గాంధీ భుజం భుజం కలిపి పనిచేశారు. 1986 జనవరిలో పాల్మే ఢిల్లీ వచ్చినప్పుడు స్వీడన్ కంపెనీ బోఫోర్స్ తుపాకుల మాట కూడా వాళ్లిద్దరి మధ్య వచ్చింది. హత్య జరిగిన 24 రోజులకు, మార్చి 24న, 410 శతఘ్నుల కోసం రూ. 1,437 కోట్ల ఒప్పందం కుదిరింది. 1987 జనవరిలో స్వీడన్ ఆయుధ ఎగుమతుల పర్యవేక్షణాధికారి కార్ల్-ఫ్రెడ్రిక్ ఆల్గెర్నాన్ స్టాక్‌హోమ్ మెట్రో రైలు కింద పడి మరణించారు. ఏప్రిల్ 16న స్వీడిష్ రేడియో ఆ ఒప్పందంలో ముడుపుల కథనం ప్రసారం చేసింది. ఈ తేదీలను వరసగా పేర్చి చూస్తే ఎవరికైనా ఒక కథ కనిపిస్తుంది: ముడుపుల సంగతి పాల్మేకు తెలిసింది, అడ్డుపడబోయారు, చంపేశారు. ఈ కథకు రుజువు లేదు. తేదీలు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు. అయితే బోఫోర్స్ మనకు మరో రకంగా పనికొస్తుంది. ఎన్.టి. రామారావు అధ్యక్షుడిగా ఉన్న నేషనల్ ఫ్రంట్ 1989 ఎన్నికల్లో దీన్నే అస్త్రం చేసుకుంది, ఢిల్లీలో ప్రభుత్వం మారింది. 1990లో సీబీఐ కేసు పెట్టింది. 2004, 2005 సంవత్సరాల్లో ఢిల్లీ హైకోర్టు అభియోగాలు కొట్టేసింది. 2011లో ముడుపుల ఆరోపణలున్న ఇటలీ వ్యాపారి క్వత్రోచీ మీద కేసు ఉపసంహరించుకోడానికి కోర్టు ఒప్పుకుంది. రెండేళ్లకు అతను చనిపోయాడు. సాక్ష్యాలన్నీ నిండుగా విచారణకు నిలిచి, ఇదీ నిజం అని ఒక తీర్పు రాలేదు. అందుకే బోఫోర్స్ పేరు మన రాజకీయాల్లో ఇప్పటికీ చావలేదు. దానికి భారతీయుల కుట్ర మోజు కారణమని ఎవరూ అనరు కదా.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. జనానికి కావాల్సింది రుజువు కాదు, వేలెత్తి చూపడానికి ఒక ముఖం మాత్రమేనని. దానికి ఆధారం క్రిస్టర్ పెటెర్షన్ కేసు. తాగుడుకూ మత్తుమందులకూ బానిసైన ఈ మనిషి 1970లో ఒకరిని బాయొనెట్‌తో పొడిచి చంపి శిక్ష అనుభవించినవాడు. 1988 డిసెంబర్‌లో అతన్ని అరెస్టు చేశారు, గుర్తింపు పరేడ్‌లో లిస్బెత్ ఇతనేనన్నారు. 1989 జులైలో స్టాక్‌హోమ్ కోర్టు యావజ్జీవం విధించింది. ఆ తీర్పు వచ్చిన తీరు చూడాలి: ధర్మాసనంలో న్యాయశాస్త్రం చదివిన ఇద్దరు జడ్జీలూ నిర్దోషి అన్నారు, ప్రజల నుంచి ఎంపికైన ఆరుగురు సభ్యులూ దోషి అన్నారు. అంటే మామూలు మనుషులు చాలీచాలని సాక్ష్యంతోనే సంతృప్తి పడ్డారనేగా? ఆ గదిలో అదే జరిగింది, కాదనలేం. ఒక భార్య కళ్లెదుటే భర్తను పోగొట్టుకుని, నేను చూశానని చెప్తుంటే ఆమె మాటను తూచి పక్కన పెట్టడానికి ఎంతో నిబ్బరం కావాలి. కానీ ఆ సాక్ష్యాన్ని చెడగొట్టింది జనం కాదు. అనుమానితుడు తాగుబోతు అన్న సంగతి పరేడ్‌కు ముందే ఆమెకు తెలిసేలా చేసింది దర్యాప్తు యంత్రాంగమే. వరసలో నిలబెట్టిన మిగతావాళ్ల మధ్య తాగుబోతును పోల్చుకోవడం కష్టం కాదు. ఆ ఏడాదే అప్పీలు కోర్టు అతన్ని విడుదల చేసింది. 1998లో మళ్లీ విచారణ కోరితే సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అతను 2004లో చనిపోయాడు. మరి జనానికి ముఖమే చాలనుకుంటే, అక్కడితో ఈ కథ ముగిసి ఉండాలి. చాలామంది స్వీడన్ వాసులు అతనే చంపాడని లోలోపల నమ్మారు, లిస్బెత్ చివరిదాకా ఆ మాట మీదే ఉన్నారు. నమ్మకం ఉంది, ముఖం ఉంది. వెతుకులాట మాత్రం ఆగలేదు.

2020 జూన్ 10న జరిగింది కూడా అదే. ప్రాసిక్యూటర్ క్రిస్టెర్ పెటెర్సన్ (పేరు కలిసినా, పై నిందితుడు వేరు) పత్రికల వాళ్ల ముందుకొచ్చి, హంతకుడని తాను భావిస్తున్న మనిషి పేరు చెప్పారు: స్టీగ్ ఎంగ్‌స్ట్రోమ్. ఘటనా స్థలానికి కూతవేటు దూరంలో ఉన్న స్కాండియా బీమా కంపెనీలో గ్రాఫిక్ డిజైనర్. హత్యకు కాస్త ముందే ఆఫీసు నుంచి బయటికొచ్చాడు. సాయం చేయబోయానని మర్నాటి నుంచి తనే పోలీసులకూ పత్రికలకూ చెప్పుకున్నాడు. అక్కడున్న ఇతర సాక్షుల మాటలతో అతని మాట కలవలేదు. జర్నలిస్టు థామస్ పెటెర్షన్ 2018లో ఏళ్ల తరబడి చేసిన పరిశోధనతో ఇతని మీద పుస్తకం రాశారు. ఆ తర్వాత అది నెట్‌ఫ్లిక్స్ సీరియల్ అయింది. ఎంగ్‌స్ట్రోమ్ 2000లోనే చనిపోయాడు కాబట్టి కేసు మూసేస్తున్నామన్నారు ప్రాసిక్యూటర్. ఆయుధం లేదు, డీఎన్‌ఏ లేదు, బలమైన కారణం లేదు, ఎదురు ప్రశ్నించడానికి లాయరు లేడు, తీర్పు చెప్పడానికి న్యాయమూర్తి లేడు. చనిపోయినవాణ్ని విలేకరుల సమావేశంలో దోషిగా నిలబెట్టడమేమిటని న్యాయ నిపుణులే విమర్శించారు. ప్రాసిక్యూటర్ చెప్పింది నిజమే కావొచ్చు. కానీ నిజం కావడం, నిజమని తేలడం ఒకటి కాదు. ఈ తేడాను స్వీడన్ జనం బాగా పట్టుకున్నారు. 34 ఏళ్లు ఎదురుచూసిన సమాధానాన్ని చేతిలో పెడుతుంటే, ఆధారం చూపించమని అడిగారు. ఇది వదంతుల్ని మేసే మనసులు చేసే పని కాదు.

ఈ ఆసక్తి వల్ల మనుషులు నలిగిపోయారన్నది ఇంకో అభ్యంతరం. దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. ఔత్సాహికులు రాసిన పుస్తకాల్లో, గీసిన పటాల్లో పేర్లున్న పోలీసులు, విదేశీయులు, అనామకులు ఎందరో. వాళ్లలో అత్యధికులకు ఈ హత్యతో ఏ సంబంధమూ లేదు. చంపానని ఒప్పుకున్న ఆ 134 మందిలో చాలామందిని ఈ కేసు పేరే లాగి ఉంటుంది. చావును వినోదంగా అమ్ముకునే వ్యాపారం కూడా దీని మీద పెరిగింది. ఆ రాత్రి దృశ్యాన్ని సీరియల్‌లో మళ్లీ మళ్లీ చూపించడం ఆ కుటుంబానికి ఏం చేస్తుందో ఊహించడం కష్టం కాదు. ఈ నష్టాన్ని ఒప్పుకుంటూనే ఒక గీత గీయాలి. కాగితాలు అడిగేవాళ్లు, సమయాలు సరిచూసేవాళ్లు, ఈ వాంగ్మూలం ఆ వాంగ్మూలంతో ఎందుకు కలవడం లేదని ప్రశ్నించేవాళ్లు ఒక పక్కన ఉన్నారు. ముందే ఒకడి పేరు అనుకుని దానికి తగ్గట్టు ఆధారాలు ఏరుకునేవాళ్లు మరో పక్కన ఉన్నారు. రెండో తప్పు హోల్మెర్ చేశాడు, కార్ల్‌సన్ చేశాడు, వాళ్లకన్నా చిన్నవాళ్లూ చేశారు. మొదటి పని చేసినవాళ్ల వల్లే ఆ రాత్రి వైఫల్యాలు లెక్కకొచ్చాయి, కమిషన్ మీద ఒత్తిడి వచ్చింది. హత్య నేరానికి అప్పట్లో 25 ఏళ్ల కాలపరిమితి ఉండేది. 2011లో ఈ కేసు గడువు దాటిపోయేది. 2010లో పార్లమెంటు ఆ పరిమితినే ఎత్తేసింది. ఆ మార్పు పాల్మే కేసు కోసమే వచ్చిందనడం అతిశయోక్తి. కానీ ఈ ప్రశ్నను జనం చల్లారనివ్వకపోవడం కూడా దాని వెనక ఉంది.

ఇన్నేళ్లు తవ్వినా ఔత్సాహికులు హంతకుణ్ని పట్టించారా అని కొందరంటారు. పట్టించలేదు. కానీ వారెంటు, లాబొరేటరీ, ఇంటరాగేషన్ గది, 5 కోట్ల క్రోనార్ల బహుమతి చేతిలో ఉన్న ప్రభుత్వమూ పట్టించలేదు. ఎవరు ఛేదించారన్న పోటీతో ఈ ఆసక్తిని కొలవకూడదు. ప్రధానే భార్యతో నడిచి ఇంటికి వెళ్లగలిగేంత నిర్భయం ఆ దేశంలో ఒకప్పుడుండేది. దాన్ని కాపాడే బాధ్యత తీసుకున్న సంస్థలు ఒక్క రాత్రిలో చేతులెత్తేశాయి. అక్కడ ఏం జరిగిందో పూర్తిగా చెప్పమనే హక్కు హంతకుడు దొరక్కపోయినంత మాత్రాన పోదు. దర్యాప్తు ఫైళ్లు వీలైనంత మేర పరిశోధకులకు తెరవాలని నేనంటాను. సాక్షుల ఆంతరంగిక వివరాలు కప్పిపెట్టి, పోలీసులు వేసిన ప్రతి అడుగునూ బయటపెట్టాలి. ఏ దారి ఎందుకు మూశారో రాతపూర్వకంగా చూపించాలి. పుకార్లు తగ్గడానికి నాకు తెలిసిన మందు ఇదొక్కటే.

2020లో ప్రాసిక్యూటర్ ప్రకటన తర్వాత మార్టెన్ పాల్మే రేడియోలో మాట్లాడారు. ఎంగ్‌స్ట్రోమే అయి ఉంటాడన్న నిర్ణయానికి తనూ వచ్చానన్నారు. తిరుగులేని ఆధారం మాత్రం దొరకనందుకు నిరాశ పడ్డానని కూడా అన్నారు. ఎంగ్‌స్ట్రోమ్ మాజీ భార్య, అతను అలాంటి పని చేయగల మనిషి కాడని చెబుతూ వచ్చారు. ఒకరు అతనే అనుకుంటున్నారు, మరొకరు ఎంతమాత్రం కాదంటున్నారు. తండ్రిని పోగొట్టుకున్న కొడుకుకూ, మాజీ భర్త పేరు హంతకుడిగా లోకమంతా మారుమోగిన స్త్రీకీ కూడా విలేకరుల సమావేశం సరిపోలేదు. వాళ్లకు కావాల్సింది ఇరుపక్షాలూ మాట్లాడే కోర్టు. అది జరిగే వీలు ఎంగ్‌స్ట్రోమ్ మరణంతో 2000లోనే పోయింది. అప్పటికి హత్య జరిగి 14 ఏళ్లు. అతను ఆ రాత్రి అక్కడే ఉన్నాడని, తనే వచ్చి చెప్పాడని, పోలీసులకు తొలి వారం నుంచే తెలుసు.